అతుకు కింద రాత

జిగురు మామ అంటే ఆ మ్యూజియంలో తెలియనివాళ్లు లేరు. చిరిగిన కాగితమైనా, పొడైపోతున్న తోలైనా, రెండు వేల ఏళ్ల నాటి పపైరస్ ముక్కైనా ఆయన చేతిలో పడితే మళ్లీ ఒక రూపానికి రావలసిందే. ఆయన రిటైరై పన్నెండేళ్లయింది. ఆయన కుర్చీలో కూర్చుని ఆయన మేనకోడలు పనిచేస్తూ కూడా అంతే కాలమైంది. అయినా ఎవరైనా ఆ గదిలోకి వస్తే ముందు అడిగేది, "ఇది మామ అతుకా, నీ అతుకా?" అనే. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. తర్వాత్తర్వాత అలవాటైపోయి, "బాగుంటే మామది, బాగాలేకపోతే నాది" అనడం నేర్చుకుంది.

గురువారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆమె బల్ల మీద ఉన్నది మామ అతుకులన్నిటిలోకీ పేరుమోసిన అతుకు. అరచేయంత ఉత్తరం. ఎవరో తమ్ముడు తన అన్నకు రాసుకున్నది. గాడిద కాలు బాగుపడిందట. అన్న పంపిన నూనె అందిందట. ఆ తర్వాత నాలుగు వరుసలు: "సిలువ వేసిన ఆయన సంగతి అడిగావు. ఆయన బతికే ఉన్నాడని చెప్పేవాళ్లు ఇక్కడ వారం మొదటి రోజున తెల్లవారకముందే ఒకచోట చేరుతున్నారు. నేనూ వెళ్తున్నాను. కోప్పడకు."

అంతే ఉత్తరం. దాని కింద రెండు వేళ్ల వెడల్పున్న మరో ముక్క, అందులో తేదీ. ఫలానా చక్రవర్తి ఏలుబడిలో ఎనిమిదో ఏడు. లెక్కగడితే క్రీస్తును సిలువ వేసిన ముప్పై ఏళ్లకు. క్రీస్తు గురించి పాత రాతలు ఎన్నో ఉన్నాయి గానీ, మనదాకా వచ్చినవి నకళ్లకు నకళ్లు. ఆ మొదటి ముప్పై నలభై ఏళ్లలో ఎవరో కూర్చుని చేత్తో రాసిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. ఇదొక్కటి తప్ప, అని ఆ మ్యూజియం నలభై ఏళ్లుగా కాలరెగరేస్తోంది. ఆ ఉత్తరానికీ ఆ తేదీకీ ముడిపెట్టి అతికించింది జిగురు మామ.

రేపు పది గంటలకు కొత్త ప్రదర్శన మొదలు. మొదటి వరుసలో మామకు కుర్చీ, మైకు ముందు రెండు మాటలు. ఆ రెండు మాటలూ ఆయన వారం రోజులుగా ఫోనులో మేనకోడలికి చదివి వినిపిస్తున్నాడు. అవి ఇప్పటికి రెండు పేజీలయ్యాయి.

పాత గాజు పలకలు మసకబారాయని, కొత్తవి మార్చమని డైరెక్టరు చెప్పాడు. అందుకే ఆమె పాత పలకల్ని విప్పింది. నలభై ఏళ్లుగా ఉత్తరం వెనక ఉన్న నల్ల అట్ట తీసేసింది. ఉత్తరాన్ని కింద దీపాలున్న తెల్ల బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ మీట నొక్కింది.

పపైరస్ అంటే నీటి రెల్లు కాడల్ని సన్నగా చీల్చి, ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా పేర్చి, నొక్కి ఆరబెట్టిన రేకు. కింద వెలుతురు పెడితే ఆ నారలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి ముదురు, ఒకటి లేత. ఒకే రేకు రెండుగా చిరిగితే పై ముక్కలో నిలువుగా దిగిన నార కింది ముక్కలోకీ దిగి తీరాలి.

ఉత్తరంలో కుడివైపు ఒక ముదురు గోధుమరంగు నార లావుగా కిందికి దిగుతోంది. అతుకు దాకా వచ్చింది. అతుకు అవతల లేదు.

భూతద్దం తీసుకుంది. స్కేలు పెట్టింది. అతుకు వెనక మామ అంటించిన కాగితపు పట్టీ వేలెడు వెడల్పున్న మోటు పట్టీ. అక్కడ వెలుతురు ఆగిపోయింది సరే, కానీ పట్టీకి పైనా కిందా నారలు బాహాటంగా కనిపిస్తున్నాయి. పైన పద్నాలుగు, కింద తొమ్మిది. ఒక్కటంటే ఒక్కటి కలవలేదు. ఉత్తరం ఒక రేకులోది. తేదీ ఇంకో రేకులోది.

తేదీ ఊడిపోతే ఉత్తరం మామూలు ఉత్తరమైపోతుంది. అంతకంటే ముందు మామ పరువు మట్టిలో కలుస్తుంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కోటు ఇస్త్రీ చేయించుకుని, రెండు పేజీల ప్రసంగం రాసుకుని, రేపటి కోసం కూర్చున్నాడు. ఆయనకు ఈ మాట ఎలా చెప్పడం? చెప్పకపోతే ఏమవుతుంది? నలభై ఏళ్లు ఎవరికీ తెలియలేదు. కొత్త గాజులో పెట్టి, వెనక మళ్లీ నల్ల అట్ట వేస్తే మరో నలభై ఏళ్లు తెలియదు.

ఆమె దీపాలు ఆర్పేసింది. ఉత్తరాన్ని కొత్త గాజుల మధ్య పెట్టింది. ఒక పక్క టేపు వేసింది. రెండో పక్క వేసింది. తన చేతులు ఇంత చురుగ్గా పనిచేస్తాయని ఆమెకే తెలియదు.

పదిన్నరకు ప్రొఫెసరమ్మ వచ్చింది. నలభై ఏళ్ల కిందట ఈ ఉత్తరాన్ని మొదట చదివింది ఈవిడే. అప్పుడు పాతికేళ్ల పిల్ల, ఇప్పుడు ఆ పాత భాషకు ఆవిడే పెద్ద దిక్కు. చేతిలో ప్రదర్శనలో పెట్టబోయే వివరాల కాగితం.

"ఒకసారి చూసి తప్పులుంటే చెప్పమ్మా. 'క్రీస్తు తర్వాత తొలి తరం చేతిరాత' అని పెద్దక్షరాల్లో వేయించాను. బాగుందా?"

"బాగుందండీ," అంది మేనకోడలు. మూడో పక్క టేపు వేసింది.

నాలుగో పక్కకు టేపు కత్తిరిస్తూండగా మెట్ల మీద బూట్ల చప్పుడు. దడదడా. డెబ్బై ఎనిమిదేళ్ల మోకాళ్లు అంత వేగంగా దిగితే వినేవాళ్లకే భయం వేస్తుంది. తలుపు తోసుకుని జిగురు మామ లోపలికొచ్చాడు. చెమటలు కారుతున్నాయి. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"మూసేశావా?"

"ఇంకొక్క పక్క ఉంది మామయ్యా. రేపొస్తారనుకుంటే ఇవాళే..."

"విప్పు."

"అదేంటి! డైరెక్టరు గారు మధ్యాహ్నానికల్లా పైకి పంపమన్నారు."

"డైరెక్టరు మొహం. విప్పవే. దీపాల బల్ల మీద పెట్టి చూశావా?"

ఆమె ప్రొఫెసరమ్మ వంక చూసింది. గోడ వంక చూసింది. తన చేతిలో కత్తెర వంక చూసింది.

"నీళ్లు నమలకే కోడలా. చూశావా, లేదా?"

"చూశాను."

"నారలు కలిశాయా?"

ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. మేనకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కలవలేదు మామయ్యా. ఒక్కటీ కలవలేదు."

ఇక మామ కూలబడతాడనే ఆమె కుర్చీ ముందుకు లాగింది. ఆయన కూర్చోలేదు. "అమ్మయ్య!" అన్నాడు. గట్టిగా, గది గోడలు వినేలా. కోటు విప్పి తలుపు కొక్కేనికి తగిలించి చేతులు మడుచుకున్నాడు. "అద్దుడు కాగితం తడుపు. నా పట్టకారు ఉందా, పారేశావా?"

"ఉంది. మామయ్యా, మీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నలభై ఏళ్లలో ఇంత బాగా ఎప్పుడూ లేదు. పద, పద!"

ప్రొఫెసరమ్మ అడ్డుపడింది. "ఆగండాగండి. మామా, తేదీ ఈ ఉత్తరానిది కాదంటారా? మరి అతుకు అంత బాగా ఎలా కుదిరింది? అంచులు కూడా కలిశాయి కదా!"

"పురుగమ్మా, పురుగు!" మామ భూతద్దం ఆవిడ చేతిలో పెట్టి అతుకు మీద వేలు చూపించాడు. "ఇక్కడ గుండ్రటి తొర్ర చూడండి. సగం ఉత్తరంలో, సగం తేదీ ముక్కలో. రెండూ కలిపితే చక్కటి సున్నా. అది చూసే నేను ఎగిరి గంతేశాను. ఒకే తొర్ర కాబట్టి ఒకే రేకు అనుకున్నాను. కానీ ఈ ముక్కలు దొరికింది ఒక కట్టలో. పాత కాగితాలన్నీ ఒకదానిమీదొకటి వేసి నొక్కిన కట్ట. పురుగు పైనుంచి కిందికి తొలుచుకుంటూ పోతే అన్ని రేకుల్లోనూ ఒకేచోట తొర్ర పడదూ? ఒక రేకు తొర్ర కింది సగం పోగొట్టుకుంది, ఇంకోటి పై సగం పోగొట్టుకుంది. నేను రెంటినీ జత చేసి పెళ్లి చేశాను."

"అంటే నేను మూడు అధ్యాయాలు ఒక పురుగును నమ్మి రాశాను," అంది ప్రొఫెసరమ్మ. ఒక క్షణం ఆవిడ మొహం పాలిపోయింది. తర్వాత ఏమనుకుందో ఏమో, ఫక్కున నవ్వింది. "నా మీద ఈర్ష్యపడేవాళ్లకు ఇవాళ పండగ!"

టేపు పీకి, గాజు తీసి, ఉత్తరాన్ని బోర్లా తిప్పి, తడి అద్దుడు కాగితం పట్టీ మీద పరిచి, దాని మీద గాజు బిళ్ల బరువు పెట్టారు. మామ వాడేది గోధుమపిండి జిగురు. నీళ్లతో ఊడని జిగురు ముట్టుకోవద్దని, మనకంటే తెలివైనవాడు రేపు రావచ్చని ఆయన మేనకోడలికి మొదటి రోజే చెప్పాడు. నానడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ మామ కాలుగాలిన పిల్లిలా గదంతా తిరిగాడు. ప్రొఫెసరమ్మ తన కాగితం మీదున్న ఉత్తరం ఫొటోలో అక్షరాల వంపులు చూస్తూ తనలో తాను లెక్కలు వేసుకుంది. మేనకోడలికి మాత్రం ఏమీ అంతుబట్టలేదు. తప్పు బయటపడ్డ మనిషి ఇంత హుషారుగా ఉంటాడా?

"తేదీ లేకపోతే రాతను బట్టే చెప్పాలి," అంది ప్రొఫెసరమ్మ చివరికి. "ఈ వంపులు చూస్తే సిలువ వేసిన డెబ్బై ఏళ్లకు, ఎనభై ఏళ్లకు. మరీ కొట్టిపారేసేది కాదు. కానీ కళ్లారా చూసినవాళ్లు అప్పటికి ఎవరూ మిగిలి ఉండరు. రేపటి పెద్దక్షరాలు చింపెయ్యాల్సిందే."

"నానింది," అన్నాడు మామ.

పట్టకారు ఆయనే తీసుకున్నాడు. మేనకోడలు పట్టుకోబోతే మోచేత్తో నెట్టాడు. పట్టీ కొసను పట్టుకుని, ఒక వెంట్రుకవాసి, మరో వెంట్రుకవాసి పైకి లేపాడు. తేదీ ముక్క దానంతటది విడిపోయి పక్కకు జరిగింది. ఉత్తరం వెనక భాగం బయటపడింది.

అక్కడ రాత ఉంది.

రెండు వరుసలు. చోటు చాలక ఇరికించి రాసిన చిన్న చిన్న అక్షరాలు. పట్టీ కింద నలభై ఏళ్లు వెలుతురు తగలక సిరా నిగనిగలాడుతోంది.

"ఓరి దేవుడా!" ప్రొఫెసరమ్మ కుర్చీ వెనక్కి పడిపోయింది. ఎవరూ దాన్ని లేపలేదు. "జరగండి, జరగండి! దీపం ఇటు! అదే చెయ్యి, అదే మనిషి. ఉత్తరం అయిపోయాక గుర్తొచ్చి వెనక రాశాడు. 'అన్నా...' అని మొదలు. 'అన్నా, తాత మాట...' ఇదేంటి, 'మరిచిపోకు'. 'తాత మాట మరిచిపోకు.'"

"చదవండమ్మా, చదవండి," అన్నాడు మామ.

ఆవిడ వేలు గాలిలో అక్షరం మీద నుంచి అక్షరం మీదికి నడిచింది. రెండు అక్షరాల దగ్గర ఆగింది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చింది.

"'ఆయన్ని పట్టుకున్న రోజు... నేను పారిపోయాను. మీ నాయనమ్మ... నిలబడింది. అని చచ్చేదాకా చెప్పాడు కదా.'"

ప్రొఫెసరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అరవై అయిదేళ్ల మనిషి, దేశదేశాల పెద్దలు లేచి నిలబడి దండం పెట్టే మనిషి, చిన్నపిల్లలా అక్కడే రెండు గంతులు వేసింది.

"తాత అక్కడున్నాడట! అక్కడుండి పారిపోయాడట! వింటున్నావా అమ్మాయ్?"

"వింటున్నాను. కానీ పారిపోయాడంటే గొప్పేముందండీ?"

"అందులోనే ఉంది గొప్ప! ఏ సాక్షైనా తన గొప్పలు చెప్పుకుంటే చరిత్ర రాసేవాళ్లం సగం కొట్టేస్తాం. తన పరువు తీసే మాట తనే చెబితే చెవులు రిక్కిస్తాం. ఈ మతం పుట్టినప్పటి కథల్లో మమ్మల్ని పట్టి ఆపేది ఇదే. పెద్ద శిష్యుడు ఆయన ఎవరో నాకు తెలియదన్నాడట. తక్కినవాళ్లు పరుగో పరుగు. సమాధి ఖాళీగా ఉందని మొదట చెప్పింది ఆడవాళ్లట. ఆ రోజుల్లో ఆడదాని సాక్ష్యాన్ని ఎవరు లెక్కచేశారు? కల్పించేవాడైతే ఇలా కల్పిస్తాడా? ఇప్పుడు చూడు, ఏ గ్రంథంలోనూ లేని ఒక మామూలు కుటుంబంలో, ఎవరి మెప్పూ కోరకుండా, ఒక తాత అదే సిగ్గు చెప్పుకున్నాడు!"

"అయితే ఆయన సమాధిలోంచి లేచాడన్నది రుజువైనట్టేనా?"

"అబ్బే! ఆ బరువు ఏ కాగితమూ మొయ్యలేదు. ఈ తాత చెప్పింది నిజమని కూడా నేను ఒట్టేసి చెప్పను. కానీ ఆయన్ని పట్టుకున్నారనీ, తనవాళ్లు వదిలేసి పోయారనీ మనవల దాకా పాకిన జ్ఞాపకం ఒకటి నా కళ్ల ముందుంది. నా మూడు అధ్యాయాలూ దీనికి దిగదుడుపు."

ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది గానీ మేనకోడలి చూపు మాత్రం అక్షరాల మీద ఆగిపోయింది. పని నేర్చిన కన్ను ఊరుకోదు. రెండో వరుస అక్షరాల తోకలు కిందికి దిగి, అతుకు ఉన్న అంచు దగ్గర తెగిపోయాయి. పక్కన పడున్న తేదీ ముక్కను ఆమె తిప్పి చూసింది. దాని వెనక ఒక్క సిరా చుక్క లేదు. ఆ తోకలు ఈ ముక్కలోకి దిగలేదు. ఈ వెనక భాగాన్ని ఒక్కసారి చూసినవాడికెవడికైనా అతుకు తప్పని తెలిసిపోతుంది. ఆ మోటు పట్టీ అంటించినవాడు దాన్ని చూడకుండా అంటించలేడు.

ఆమె తల ఎత్తింది. మామ ఆమెనే చూస్తున్నాడు.

"చూశావా మామయ్యా? అప్పుడే?" మీరు అనడం మరిచిపోయింది.

"చూశాను." ఆయన ఇప్పుడు కూర్చున్నాడు. "ముందు అతికించేశాను. అందరికీ చూపించాను. పేపర్లవాళ్లు వచ్చి నన్ను నిలబెట్టి ఫొటోలు తీశారు. మీ అమ్మ ఆ పేపరు పట్టుకుని వీధి వీధంతా తిరిగింది. వారం తర్వాత వెనక అంటుకున్న మన్ను దులిపి పట్టీ వేద్దామని తిప్పితే, ఇదిగో, ఈ రాత. తోకలు తెగి కనిపించాయి. ఆ భాష చదవడం రాదు గానీ, తెగిన తోక తెలియదా నాకు? పెద్ద పట్టీ కత్తిరించి అంటించేశాను. వెనక నల్ల అట్ట వేశాను. ఇంటికెళ్లి అన్నం తిన్నాను."

"మామా..." అంది ప్రొఫెసరమ్మ.

"మొన్న నువ్వు గాజులు మారుస్తున్నానని ఫోనులో చెప్పావు చూడు, అప్పట్నుంచీ నాకు కాలు నిలవలేదు. భయంతో కాదే కోడలా, ఆశతో. నువ్వు చూస్తావు, ఇక దాచక్కర్లేదు అని ఆశ. ఇవాళ పొద్దున మళ్లీ ఇంకో భయం పట్టుకుంది. నా మీద ప్రేమకొద్దీ నువ్వు చూసి కూడా మూసేస్తావేమోనని. అందుకే పరిగెత్తుకొచ్చాను."

మేనకోడలు గాజు పలకల వంక చూసింది. మూడు పక్కలా తను వేసిన టేపు, పీకిన చోట ఇంకా అంటుకుని వేలాడుతోంది. ఆమెకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఫోను మోగింది. డైరెక్టరు. ఉత్తరం పైకి ఇంకా రాలేదేమని. ప్రొఫెసరమ్మ ఫోను లాక్కుంది. అవతల ఆయన అరుపులు గదిలో అందరికీ వినిపించాయి. "తేదీ పోయిందా? రేపు ప్రదర్శన పెట్టుకుని ఇవాళ తేదీ పోవడమేమిటమ్మా?" ఆవిడ చల్లగా అంది, "తేదీ పోయింది, మనిషి దొరికాడు. రెండు వైపులా కనబడే గాజుపెట్టె పంపించండి. పెద్దక్షరాలు నేను మళ్లీ రాసిస్తాను. పత్రికలవాళ్లను ఇంకో నలుగురిని ఎక్కువ పిలవండి." అవతల అరుపులు ఆగి, ప్రశ్నలు మొదలయ్యాయి. తర్వాత ఆ ప్రశ్నల్లోకి కూడా ఉత్సాహం పాకింది.

మామ గోడ అలమరలోంచి మరమ్మతుల పుస్తకం తీసి మేనకోడలి ముందు పెట్టాడు. ఏ వస్తువుకు ఏం చేశామో, ఎందుకు చేశామో అందులో రాసి సంతకం పెట్టాలి. ఈ వస్తువు మీద రేపు ఎవరికి అనుమానం వచ్చినా ముందు తెరిచేది దాన్నే.

"నా చెయ్యి వణుకుతోంది. నేను చెబుతాను, నువ్వు రాయి. 'ఈ రెండు ముక్కల్ని నలభై ఏళ్ల కిందట తప్పుగా కలిపింది నేను. వారం రోజులకే తప్పని తెలిసింది. పరువు పోతుందని వెనకున్న రాతను పట్టీతో కప్పేశాను.' పరువు దగ్గర తడబడకు, స్పష్టంగా రాయి. రేపు మైకు ముందు చదివేది కూడా ఇదే. ఆ రెండు పేజీలూ చించేస్తాను."

ఆమె రాసింది. ఆయన వంకర టింకరగా సంతకం పెట్టాడు. ఆమె పుస్తకం తన వైపు లాక్కుంది. కలం మూత పెట్టబోయి ఆగింది. కింద ఇంకో రెండు వరుసలు రాసింది. "అతుకు తప్పని ఇవాళ తొమ్మిదిన్నరకు చూశాను. పదకొండు దాకా ఎవరికీ చెప్పలేదు. కొత్త గాజు మూడు పక్కలా మూసేశాను." సంతకం పెట్టి పుస్తకం ఆయన ముందుకు తోసింది.

మామ కళ్లజోడు పైకెత్తుకుని, పెదవులు కదుపుతూ రెండు సంతకాల దాకా చదివాడు. ఆయన కళ్లు తడిసి మెరుస్తున్నాయి. మేనకోడలి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

"ఇప్పుడు మనల్ని నమ్ముతారే కోడలా!"